కుంట కథ కొట్టిన మిషను

నేను ఒక తెలుగు టైపుమిషనును. కార్ఖానాలో నా అక్షరాలు బిగించినవాడు, పెద్ద కచేరీలో కొలువు చేస్తావని దీవించాడు. తీరా చూస్తే కోర్టు గేటు ముందు రేకుల పంచన కూర్చోబెట్టారు. అక్కడ అర్జీలు కొట్టీ కొట్టీ అరిగాక గుండ్లమెట్టలో భుజంగరావు గారింటికి చేరాను. ఆయన ఒక వారపత్రికకు రాజకీయ వ్యాసాలు రాసేవారు.

అబ్బో, ఏం వ్యాసాలు! 'ప్రజాస్వామ్య మౌలిక విలువల విధ్వంసం' అని కొట్టేసరికి నా రిబ్బను నీరసించేది. పదకొండేళ్లు రాశారు, చదివిన పాపాన పోయినవాడు లేడు. ఒక సాయంత్రం బజ్జీల పొట్లం విప్పితే ఆయన వ్యాసమే బయటపడింది. వెళ్లి అడిగితే బజ్జీల వీరమ్మ, "కతలుండే పేజీలు మాత్రం చింపను సారూ, మా కోడలు చదువుతాది" అంది. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఆ వారమే వ్యాసాలు మానేసి కథ మొదలుపెట్టారు.

ఊరి కుంటను పూడ్చి మిల్లు కట్టుకున్న నాయకుడి కథ. పేర్లన్నీ మార్చారు. కానీ ప్రతి అంకె సరిచూసుకుని రాసే అలవాటు ఎక్కడికి పోతుంది? కుంట సర్వే నంబరు అసలుదే వేశారు. నేనే కొట్టాను. ఆ నంబరు ఆయనకు చెప్పింది తాలూకా ఆఫీసు గుమాస్తా సామ్యేలు. ఆ కాగితాలు అతని బీరువాలో తప్ప ఇంకెక్కడా లేవు.

పత్రిక వచ్చిన రోజు పొద్దున్నే సామ్యేలు చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు.

"నంబరెందుకేసినారు సార్? నాకు చిన్న పిల్లలుండారు" అన్నాడు.

భుజంగరావు గారు లేచి వీధి తలుపు వేశారు. నాకూ భయమేసింది. ఇనుముకు భయమేమిటని నవ్వకండి. వీధిలో జీపు చప్పుడైతే చాలు, ఆయన వేళ్లు తప్పుడు మీటల మీద పడేవి. ఆ భయమంతా నాలోకి దిగేది.

ఆ రోజుల్లోనే ఉత్తరాలు రాసాగాయి. పదకొండేళ్లలో ఒక్క కార్డు రాని ఇంటికి నలభై మూడు వచ్చాయి. అందరిదీ ఒకటే మాట, ఇది మా ఊరి కుంటే, మా దగ్గర జరిగిందే అని. నంబరు తప్పు పడిందంటూ కొందరు తమ ఊరి నంబరు రాసి పంపారు.

చివరికి జీపు రానే వచ్చింది. దిగినవాడు ఓబులేసు, నాయకుడి మనిషి. మంచినీళ్లడిగి తాగి, సరదాగా నా మీటలు నొక్కి చూశాడు. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నంబరు ఎవురు చెప్పినారు సార్?" అని మెల్లగా అడిగాడు.

భుజంగరావు గారు ఉత్తరాల కట్ట తెచ్చి ముందు పెట్టారు. ఎవరూ చెప్పలేదనీ, అంతా కల్పితమనీ, కావాలంటే చూడమనీ, ఇన్ని ఊళ్లవాళ్లు తమ కథే అనుకుంటున్నారనీ అన్నారు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది. ఓబులేసు ఒక్కో ఉత్తరం తిప్పి తిప్పి చదివాడు. నమ్మాడు. సామ్యేలు గండం గడిచింది.

లేస్తూ లేస్తూ ఓబులేసు కట్టను చంకలో పెట్టుకున్నాడు. "మా సారు చూస్తాడు. అందురూ మన జిల్లా వాళ్లే గదా" అన్నాడు.

జీపు మలుపు తిరిగాక ఆయన నన్ను దగ్గరికి లాక్కుని, ఉత్తరాలు రాసినవాళ్లకు జాగ్రత్త చెప్పడానికి కాగితం ఎక్కించారు. 'అయ్యా' అని కొట్టి ఆగిపోయారు. చిరునామాలన్నీ ఆ కట్టతోనే పోయాయి.

ఆ తర్వాత నన్ను ముట్టుకోలేదు. ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో ఉన్నాను. ఆ కాగితం ఇంకా నా రోలరుకే ఉంది. బయట ఏ జీపు ఆగినా, ఆ నలభై మూడింటిలో ఇది ఎన్నో ఇల్లో అనుకుంటాను.