సొరకాయ అంటే ఆగాలి

నాటకంలో పిల్లలున్నారంటే వాళ్ళ వెంట ఒక కాపలా మనిషి ఉండి తీరాలి. ఇది మా తమ్ముడు పిల్లల మీద ప్రేమతో పెట్టిన నియమం కాదు, హాలు వాళ్ళు పెట్టింది. పిల్లల్ని లెక్క చూసుకోవడం, మంచినీళ్ళు తాగించడం, బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళడం, వాళ్ళ గదిలోకి పెద్దవాళ్ళెవరినీ అడుగు పెట్టనివ్వకపోవడం, ఆట అయ్యాక ఎవరి అమ్మానాన్నలకు వాళ్ళను అప్పగించడం ఆ మనిషి పని. అలాంటి మనిషి కోసం ఊరంతా వెతికి, ఎవరూ దొరక్క, చివరికి మా తమ్ముడు నా దగ్గరకొచ్చాడు. వాడికది మొదటి నాటకం. రాసిందీ వాడే, ఆడిస్తున్నదీ వాడే, రాత్రింబవళ్ళు గోళ్ళు కొరుక్కుంటున్నదీ వాడే.

ఊరికే కుర్చీలో కూచోవడమే కదక్కా, స్వెట్టర్ అల్లుకో అన్నాడు. నేను జన్మలో స్వెట్టర్ అల్లినదాన్ని కాను. ఊరికే కూచునేదాన్ని అంతకన్నా కాను. నా సంగతి తెలిసీ పిలిచాడంటే వాడి అవసరం ఎంతటిదో నాకర్థమైంది.

నాటకంలో ఒక రాజు, ఆయన తోటలో అరడజను తాబేళ్ళు. తాబేళ్ళన్నీ పిల్లలే. ఒక్కొక్కళ్ళ వీపునా అట్టతో చేసిన డిప్ప. వెల్లకిలా పడితే తమంతట తాము లేవలేరు. మొదటి రిహార్సల్లోనే ఒకడు పడ్డాడు, వాణ్ణి లేపబోయి ఇంకొకడు పడ్డాడు, వాళ్ళను చూసి నవ్వు ఆపుకోలేక మిగతావాళ్ళూ పడ్డారు. అందరూ కాళ్ళూ చేతులూ ఆడిస్తూ విరగబడి నవ్వుతుంటే ఒక్కొక్కళ్ళనే తిరగేసి నిలబెట్టాను. అందరికంటే చిన్నది మాత్రం తెర వెనకాల, ఎవరికీ కనబడని చోట, మూతి బిగించి పైకప్పుకేసి చూస్తూ పడుకుని ఉంది. ఆ పిల్లను అంతా చిటికె అనేవాళ్ళు. నవ్వులు మొదలవకముందే పడిందట. పిలవచ్చు కదే అంటే, రాజుగారు మాట్లాడుతున్నారు కదత్తా, పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదు కదా అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు, ఆ ముక్కని దాని బుర్రలోకి ఎక్కించిన మా పెద్దవాళ్ళందరి మీద. ఆ సాయంత్రమే తాబేళ్ళను చుట్టూ కూచోబెట్టుకుని ఒక ఒప్పందం చేశాను. భయమేసినా, నొప్పెట్టినా, అర్జంటుగా బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వచ్చినా, ఎవరైనా నచ్చని పని చేసినా, చివరికి ఎందుకో తెలియకుండానే ఏదోలా ఉన్నా సరే, ఒక్క మాట అంటే చాలు. స్టేజీ మీదైనా సరే, ఎవరు మాట్లాడుతున్నా సరే, అంతా ఆగిపోతుంది. ముందు నీళ్ళు తాగాలి, తరవాత చెప్పాలి, చెప్పకపోయినా ఏం కాదు. ఎవరైనా ఆ మాటను నెమ్మదిగా అంటే, పక్కనున్నవాళ్ళు వాళ్ళ తరఫున గట్టిగా అనాలి.

ఇక ఆ మాటేమిటన్నది తేల్చాలి. నాటకంలో రాని మాట కావాలి. రాజుల కథలో రాదు కదా అని బొత్తాం అన్నాను. నాటకంలో రాలేదు గానీ, పక్కగదిలో దుస్తులు కుట్టే దర్జీ నోట్లోంచి అది తప్ప వేరే మాట రాదని నాకేం తెలుసు. బొత్తాం ఊడింది, బొత్తాం ఏది, ఇదేం బొత్తామయ్యా అని ఆయన కేక వేసినప్పుడల్లా తాబేళ్ళు ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి. రాజు ఒక్కడే కదలని తాబేళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుకునేవాడు. సాయంత్రానికల్లా మా తమ్ముడు జుట్టు పీక్కున్నాడు.

మాట మార్చాలన్నాను. తాబేళ్ళు గుసగుసలాడుకుని, సొరకాయ అన్నాయి. ఎందుకు సొరకాయ అంటే దానికీ ఒక కథ ఉంది.

రాజు వేషం వేసేది పెద్ద నటుడు. మనిషి అరుగంత వెడల్పు, గొంతు అంతకు రెండింతలు. విరామం దొరికితే చాలు తన ఘనకార్యాలు విప్పేవాడు. పరుగెత్తే గుర్రం మీంచి పరుగెత్తే ఇంకో గుర్రం మీదకు దూకాడట. మూడంతస్తుల మేడ మీద ఒంటికాలి మీద నిలబడి పద్యం చదివాడట. గాలివానకు డేరా ఎగిరిపోయినా తాను ఆపలేదట, జనం గొడుగులు పట్టుకుని విన్నారట. దర్జీ సూదికి దారం ఎక్కించుకుంటూ, మొదలెట్టాడు సొరకాయలు కోయడం, అని గొణిగేవాడు. పెద్దవాళ్ళకది డాంబికాలు పోవడం. పిల్లలకు మాత్రం సొరకాయంటే సొరకాయే. ఈయన ఎక్కడ కోస్తున్నాడా, కోసినవి ఎక్కడ దాస్తున్నాడా అని రాజుగారి సంచీ చుట్టూ కొన్నాళ్ళు తిరిగారు. ఆఖరికి చిటికె నేరుగా ఆయన్నే అడిగేసింది, మీరు సొరకాయలు ఎక్కడ కోస్తారండీ అని. ఆయన ఏ మాత్రం తడుముకోకుండా, తమ పెరట్లో తన ఎత్తున కాసిన సొరకాయను గొడ్డలితో కోసిన వైనం చెప్పుకొచ్చాడు. దర్జీ సూది వేలిలో గుచ్చుకుంది.

అలా సొరకాయ ఖాయమైంది. ఆ మాట ఇక నోటెంట రాకూడదని దర్జీకి గట్టిగా చెప్పాను. ఆయన బాధ చూడలేకపోయేదాన్ని. రాజుగారు నోరు విప్పినప్పుడల్లా పళ్ళ మధ్య దారం కొరుకుతూ కూచునేవాడు.

అందరికంటే ఎక్కువగా ఆ మాటను వాడుకున్నది చిటికె. బూటులో మేజోడు మడత పడితే సొరకాయ. డిప్ప కింద ముక్కు దురద పెడితే సొరకాయ. ఒకసారి, రాజు కన్నీళ్ళు పెట్టుకుని కత్తి నేల మీద పడేసే ఘట్టంలో, సొరకాయ అంది. అంతా ఆగింది. నీళ్ళిచ్చాను. ఏమీ లేదత్తా, నిజంగా ఆగుతుందో లేదో చూద్దామని అన్నాను, అంది. నాకైతే అంతకంటే మంచి కారణం ఇంకోటి తోచలేదు. మా తమ్ముడికి అలా తోచలేదు.

నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, "మొదటి ఆటనాడు ఆ మాట ఎవరైనా అన్నారంటే అదే ఆఖరక్కా. మాటా ఉండదు, నువ్వూ ఉండవు. ఇంకొకళ్ళని చూసుకుంటాను" అన్నాడు.

ఆ మాట తీసేసిన రోజున నువ్వు నన్ను తీసేయక్కర్లేదు, నేనే చెప్పులేసుకుంటాను అన్నాను. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నం సరిగ్గా తింటున్నట్టు లేదు. అయినా నా కోపం నాది. గదికొచ్చి తాబేళ్ళ ముఖాలు చూస్తూ కూచున్నాను. మాట ఇచ్చింది నేను. అది పోతే ఆ చిన్నది మళ్ళీ పైకప్పుకేసి చూస్తూ పడుకుంటుంది.

నాటకం చివర్లో సింహాసనం తాళ్ళతో పైకి లేస్తుంది. దాని మీద రాజు, ఒళ్ళో అన్నిటికంటే చిన్న తాబేలు. దీని మీద మా తమ్ముడితో నేను పెద్ద యుద్ధమే చేశాను. తలుపెత్తు మించి లేవకూడదని, ఇద్దరికీ నడుముకు బెల్టులుండాలని పట్టుబట్టాను. ముందు నేనే కూచుని లేపించుకున్నాను. తాడు లాగే పెద్దాయన ఆ తరవాత చాలాసేపు నడుం పట్టుకుని కూచున్నాడు గానీ, సింహాసనం మాత్రం గట్టిదే. చిటికెకు అదంటే ప్రాణం. ఇంకా పైకి, ఇంకా పైకి అనేది.

రాజుగారు మాత్రం రిహార్సల్లో ఒక్కసారీ ఎక్కలేదు. మేడల మీద నిలబడ్డవాణ్ణి, నాకిదో లెక్కా అనేవాడు. తీరా సమయానికి మోకాలు నొప్పి. ఇంకోనాడు గడ్డానికి పూసిన జిగురు ఆరలేదు. మరోనాడు, నటనలో తాజాదనం ఉండాలంటే అన్నీ ముందే చేసేయకూడదు అన్నాడు. ఆయన బదులు ఇసుక బస్తాకు కిరీటం పెట్టి, దాని ఒళ్ళో చిటికెను కూచోబెట్టి లేపేవాళ్ళం. బస్తా ఒక్కసారీ తడబడలేదు.

మొదటి ఆట ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండింది. తాబేళ్ళు బుద్ధిగా ఆడాయి, ఒక్కటీ వెల్లకిలా పడలేదు. నేను తెర పక్కన, తాడు లాగే పెద్దాయన దగ్గర నిలబడ్డాను. ఎదుటివైపు తెర పక్కన మా తమ్ముడు. వాడికి కొరుక్కోవడానికి గోళ్ళు మిగల్లేదు, చొక్కా అంచు కొరుకుతున్నాడు.

చివరి ఘట్టం వచ్చింది. రాజు సింహాసనం మీద కూచున్నాడు. చిటికెను ఒళ్ళోకి తీసుకున్నాడు. దీపాలు ఆర్పిన ఆ కాస్తలో బెల్టులు నేనే బిగించి వచ్చాను. తాళ్ళు కదిలాయి. సింహాసనం మెల్లగా నేలను వదిలింది. రాజు చెయ్యి ఎత్తి, "నా రాజ్యంలో భయమనే మాటే..." అన్నాడు.

అక్కడ ఆగాడు. లేదు అనాలి. అనలేదు. హాలంతా ఎదురుచూస్తోంది. అంతలో చిటికె గొంతు ఖంగుమని వినబడింది.

"సొరకాయ."

మా తమ్ముడు అక్కణ్ణుంచి రెండు చేతులూ జోడించాడు. వద్దక్కా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అది మేజోడు మడత పడ్డప్పుడు పలికిన గొంతే, తేడా లేదు. మేజోడే అయ్యుంటుంది అనుకున్నాను. ఒక్క క్షణం ఆగితే నాటకం అయిపోతుంది, తమ్ముడు బతికిపోతాడు. కానీ మేజోడో కాదో ముందే తెలుసుకుని ఆపడానికైతే ఆ మాట ఎందుకు. నేను చెయ్యెత్తాను. పెద్దాయన సింహాసనాన్ని కిందకు దింపాడు.

భుజాన సంచీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు, చేతిలో నీళ్ళ సీసా. టపటపలాడుకుంటూ దీపాల వెలుగులోకి నడిచి వెళ్ళి సీసా అందించాను. చిటికె తీసుకోలేదు.

"నాకు కాదత్తా, రాజుగారికి" అంది. "ఆయన నెమ్మదిగా అన్నారు. ఎవరికీ వినబడలేదు. అందుకని నేను గట్టిగా అన్నాను."

అప్పుడు చూశాను ఆయన్ని. రంగు కింద ముఖం పాలిపోయింది. రెండు చేతులతో తాబేలు డిప్పను పట్టుకుని వదలడం లేదు. నేను బెల్టులు విప్పాను. చిటికె కిందకు దిగి ఆయన చూపుడువేలు పట్టుకుంది.

"రండి రాజుగారూ. ముందు నీళ్ళు తాగాలి, తరవాత చెప్పాలి. చెప్పకపోయినా ఏం కాదు."

గదికి వెళ్ళేటప్పుడు వరసగా నడవాలని నేనే నేర్పాను. మిగతా తాబేళ్ళు, ఎవరూ చెప్పకుండానే, రాజు వెనకాల వరస కట్టాయి. అలా అంతా నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాం. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. నాటకమంటే ఇలాగే ఉంటుందనుకున్నారు కాబోలు.

గది గుమ్మం దగ్గర చిటికె ఆగి నాకేసి చూసింది. పిల్లల గదిలోకి పెద్దవాళ్ళు రాకూడదు. రాజైనా అంతే. గుమ్మం బయట పిల్లల స్టూలు వేశాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా రాజుగారు దాని మీద కూచుని, కుందేలు బొమ్మ ఉన్న ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్ళు తాగాడు. గడ్డం తడిసి సగం ఊడింది. ఎవరం ఏమీ అడగలేదు. తాబేళ్ళు మాత్రం ఆయన గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా నింపుతూ నిలబడ్డాయి.

కాసేపటికి లేచి, సగం గడ్డంతోనే స్టేజీ మీదకు వెళ్ళాడు. సింహాసనం ఎక్కలేదు. దాని పక్కన నేల మీద నిలబడి, "నా రాజ్యంలో భయమనే మాట ఉంది. అది ఎవరన్నా మేం ఆగుతాం" అన్నాడు. తాబేళ్ళన్నీ ఆయన చుట్టూ చేరాయి. తెర పడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

లోపలికొచ్చేసరికి రాజుగారికి గొంతు తిరిగొచ్చేసింది. ఆ ముగింపంతా తాను ముందే ఆలోచించి పెట్టుకున్నదేనని, మొదటి ఆటకే దాచి ఉంచానని అందరికీ చెబుతున్నాడు. దర్జీ నోరు తెరిచాడు. నేను ఆయనకేసి చూశాను. మూసుకుని దారం కొరికాడు.

పిల్లలను ఒక్కొక్కళ్ళనే వాళ్ళవాళ్ళకు అప్పగించాను. చిటికె ఒక్కతే మిగిలింది, వాళ్ళమ్మ ఇంకా రాలేదు. నా సంచీ సర్దుకుంటున్నాను. గుమ్మంలో మా తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. వాడు అనబోయేదానికి జవాబులు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, చిన్నప్పటి సంగతులతో సహా. వాడి చొక్కా అంచంతా పీలికలైంది.

"అక్కా" అన్నాడు. తరవాత చాలా నెమ్మదిగా, "సొరకాయ" అన్నాడు.

నేను విన్నాను. అయినా నా వెనకనుంచి చిటికె వాడి తరఫున గట్టిగా అంది. ఆ స్టూలు గుమ్మం బయటే ఉంది, వాడి వైపు జరిపాను. వాడు కూచున్నాడు. చిటికె వెళ్ళి కుందేలు గ్లాసు నింపుకొచ్చింది.