మీ ఎత్తూ బరువూ చెప్పండి

జియుబావ్ పేటలో పొద్దున్నే మనుషులకన్నా మూటలే ఎక్కువ తిరుగుతుంటాయి. హాంగ్‌ఝౌ ఊరికి తూర్పున ఉన్న ఈ పేటలో ఏ మేడ ఎక్కినా, ఏ గది తలుపు తీసినా ఎవరో ఒకరు ఫోను ఎదురుగా నిలబడి బట్టలు అమ్ముతూ కనిపిస్తారు. యున్షియా రోజూ అందరికన్నా ముందే ఆరో అంతస్తుకు చేరుకునేది. ఒక చేత్తో సోయా పాల గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో ఆవిరి ఇస్త్రీ ఆడిస్తూ, ఆ పూట లైవ్‌లో చూపించాల్సిన గౌన్లన్నిటికీ ముడతలు తీసేది. ఎడమ మణికట్టు మీద నెలవంకలా కనిపించే కాలిన మచ్చ ఆ ఇస్త్రీ చలవే.

తర్వాత డాన్మే వచ్చి దీపాల మధ్య నిలబడేది. దుకాణం ఆవిడదే, అమ్మే గొంతూ ఆవిడదే. "అక్కచెల్లెళ్లూ, మీ ఎత్తూ బరువూ చెప్పండి. మా యున్షియా మీకోసం వేసి చూపిస్తుంది" అనేది. కొనేవాళ్లు కామెంట్లలో తమ కొలతలు రాసేవారు. అవి డాన్మే పైకి చదవగానే యున్షియా ఒళ్లు మెడ కింద నుంచి ఆ రాసిన మనిషి ఒళ్లయిపోయేది. ముఖం మాత్రం తనదే ఉండేది. గౌను వేసుకుని ఇటు తిరిగి, అటు తిరిగి, చేతులెత్తి చూపించేది. ఇందులో వింతేముందని ఎవరికీ అనిపించలేదు. పక్క గదిలో స్వెట్టర్లమ్మేవాళ్లు మాత్రం తమకూ ఇలాంటి మనిషి దొరకలేదే అని ఏడ్చేవారు.

వాళ్ల ఏడుపులోనూ అర్థముంది. ఆన్‌లైన్ బట్టల వ్యాపారంలో అమ్మడం గొప్ప కాదు, అమ్మింది తిరిగి రాకుండా ఉండటం గొప్ప. యున్షియా రాకముందు డాన్మే పది గౌన్లు పంపితే సగానికి పైగా వెనక్కి వచ్చేవి. చంకల్లో బిగుతనీ, నడుము దగ్గర వదులనీ, ఫోనులో చూసింది వేరనీ. ఇప్పుడు ఎవరి గౌను వాళ్ల ఒంటి మీదే చూసుకుని కొంటున్నారు, ఇక తిప్పి పంపేదేముంది? కొనేవాళ్లు అబద్ధం రాసినా ఒళ్లు అబద్ధం చెప్పేది కాదు. యాభై కిలోలని రాసిన ఒకావిడ కోసం వేసిన గౌను కుట్లు పటపటమంటే, డాన్మే తడుముకోకుండా "చూశారా, ఈ గుడ్డ ఎంత బాగా సాగుతుందో" అంది.

ఒంటితో పాటు ఒంట్లోవన్నీ వచ్చేవి. మోకాళ్ల నొప్పులు, నడుము పట్లు, ఇంట్లో ఇంకా చెప్పని నెల తప్పడాలు. అవి కొనేవాళ్ల గుట్లని యున్షియా నోరు విప్పేది కాదు. ఒకసారి ఒకావిడ వీపు మధ్యలో భరించలేనంత దురద ఉంటే చెయ్యి వెనక్కి విరిచి గోక్కుంది. వెంటనే కింద కామెంటు వచ్చింది: "నా చెయ్యి అంతవరకూ వెళ్తుందని నాకే తెలీదు, హమ్మయ్య." అందరూ పడీ పడీ నవ్వారు. దీనికి వేరే రేటు పెట్టాలంది డాన్మే. ఇక్కడ యున్షియా కదిలితే అక్కడ ఆ మనిషీ కదులుతోందన్న సంగతి ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

యున్షియాకు ఒకటే భయం, తన ఒంట్లోకి తను తిరిగి రాగలనా అని. ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఒక గుక్క నీళ్లు తాగేది. ఆ గుక్క గొంతు దిగేలోపు మణికట్టు మీద నెలవంక మచ్చ తేలేది. మచ్చ తేలితే తను వచ్చేసినట్టు.

చలికాలం పెద్ద అమ్మకాల ముందు డాన్మే ఆ గుక్క మీదే కన్నేసింది.

"నువ్వు నీళ్లు తాగేలోపు జనం పక్క లైవ్‌లోకి జారిపోతున్నారే. ఎదురుచూపు ఉండకూడదు. ఒకరిలోంచి నేరుగా ఇంకొకరిలోకి మారిపో. లైవ్ ముగిశాక నీ ఇష్టం, కుండెడు తాగు."

అమ్మకాలు అమాంతం పెరిగాయి. మచ్చ మాత్రం ఆలస్యంగా రావడం మొదలైంది. మొదట లిఫ్టు దిగేసరికి వచ్చేది. తర్వాత బస్సు దిగేసరికి.

యున్షియా భర్త గావ్‌షెంగ్ మూటల బండి నడుపుతాడు, మనిషి నవ్వులాటల వాడు. ఒకరోజు భోజనాల దగ్గర ముల్లంగి పులుసు రుచి చూసి "ఇవాళ ఎవరి చేత్తో వండావు? ఉప్పు దంచేసింది" అన్నాడు. యున్షియా నవ్వబోయింది. అప్పుడే అతని చూపు ఆమె పాదాల మీద పడింది. ఇంటి చెప్పుల్లో మడమలు పట్టక బయటికి వేలాడుతున్నాయి.

"మచ్చ రాలేదా?" అన్నాడు.

"వస్తుందిలే."

అతను చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. పులుసు చల్లారిపోయాక మచ్చ తేలింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, ఆ పూట ఇంకేమీ తినలేకపోయారు.

మర్నాడు యున్షియా డాన్మేతో చెప్పింది. "అక్కా, నా మచ్చ ఆలస్యంగా వస్తోంది."

"వస్తోందిగా?"

"వస్తోంది. కానీ ఆలస్యంగా."

"మా ఆయనా ఆలస్యంగానే వస్తాడు. రాకుండా మానాడా?" అని డాన్మే పెదవులకు రంగు దిద్దుకుంది. అద్దంలో మాత్రం యున్షియా కళ్లలోకి చూడలేదు.

ఆ రోజు దూది నింపిన చలికోట్లు అమ్ముతున్నారు. వరసగా ఎన్ని ఒళ్లు మారిందో యున్షియాకే లెక్క తెలియలేదు. 'కొండ వెదురు' అనే పేరుతో ఒక తల్లి రాసింది. ఊరు లిషుయ్ కొండల్లోనట. "మా అమ్మాయి జియానింగ్‌కి కోటు కావాలి. షాంఘైలో ఉద్యోగం. ఎత్తు నూట అరవై, బరువు యాభై అయిదు. బొద్దుగా ఉంటుంది. ఎమ్ సైజు సరిపోతుందా?"

డాన్మే చదివింది. యున్షియా కోటులోకి చేతులు దూర్చింది, అంతలో కాళ్లు మడతపడి నేల మీద కూలబడింది.

కోటు ఆమె మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. లోపల ఎముకలు తప్ప ఏమీ లేవు. ఒళ్లు నిప్పులా కాలుతోంది, అరికాళ్లు మంచులా ఉన్నాయి. కడుపు ఎన్నాళ్ల నుంచో ఖాళీ. ఊపిరి సగం దాకా వచ్చి అక్కడే గుచ్చుకుని ఆగిపోతోంది. గుండె నాలుగు అడుగులు వేసి ఒకటి మరిచిపోతోంది. ఇన్ని ఒళ్లు మోసిన యున్షియాకు ఇంత భయం ఎప్పుడూ కలగలేదు. ఈ పిల్ల ఎక్కడో ఒక్కతే పడి ఉంది, ఎవరికీ తెలియదు.

కామెంట్లు జరజరా పాకాయి. కోటు వదులుగా ఉందని ఒకరు, సైజు తప్పు చదివారని ఇంకొకరు. వాటి మధ్య తల్లి రాసింది: "ఈ ఒళ్లు మా అమ్మాయిది కాదు. మా అమ్మాయి బొద్దుగా ఉంటుంది. సరిగ్గా వేసి చూపించు."

"పొరపాటైంది పిన్నీ, ఇప్పుడే మారుస్తాం" అని డాన్మే వంగి, మైకు మూసి యున్షియా చెవిలో అంది. "వదిలెయ్. ఇంకొకరి కొలతలు చదువుతాను, అందులోకి పో."

"వదిలితే ఈ పిల్ల పోతుంది అక్కా. నేను గట్టిగా పీలిస్తేనే అక్కడ ఊపిరాడుతోంది."

"పట్టుకుని కూర్చుంటే నువ్వు తిరిగి వస్తావా మరి?" అంది డాన్మే. మచ్చ సంగతి ఆవిడకు ఎప్పుడూ తెలుసు.

యున్షియా కోటు చెయ్యి పైకి లాగి, ముంజేతిని ఫోను ఎదురుగా పెట్టింది. మోచేతి కింద పళ్లు దిగిన గుంటలు నాలుగు, పాతవి. "పిన్నీ, ఇది చూడండి. ఇది ఎవరిది?"

తల్లి దగ్గరి నుంచి ఏమీ రాలేదు. మిగతావాళ్లు కూడా రాయడం మానేశారు. అంత పెద్ద లైవ్‌లో ఫోను తెర ఖాళీగా ఉండటం ఆ గదిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. చివరికి ఒక ముక్క వచ్చింది.

"రెండో తరగతిలో కుక్క కరిచింది."

ఆ వెంటనే గబగబా ఇంకా వచ్చాయి. పొద్దున ఫోను చేస్తే ఎత్తలేదు. నిన్న అడిగితే తిన్నానని రాసింది. రోజూ తిన్నాననే రాస్తుంది. కోటు పంపమన్న చిరునామా ఆఫీసుది, గది ఎక్కడో తనకు తెలియదు. ఆఫీసుకి చేస్తే వేసవిలోనే మానేసిందంటున్నారు. "నా బిడ్డ ఎక్కడుంది? నువ్వు లోపలున్నావు కదా, చెప్పు."

యున్షియాకు ఒళ్లే తెలుసు, ఊరు తెలియదు, వీధి తెలియదు. వీపు కింద నేల చల్లగా తగులుతోంది, అంతే. అప్పుడు ఆమెకు వీపు దురద గుర్తొచ్చింది. ఇక్కడ కదిలితే అక్కడా కదులుతుంది.

"అక్కా, లేపు. ఈ పిల్లని తలుపు దాకా నడిపించాలి."

డాన్మే ఒక్క క్షణం దీపాల వైపు చూసింది, ఆర్డర్ల అంకె వైపు చూసింది. తర్వాత బట్టల స్టాండును కాలితో పక్కకు తన్ని, యున్షియా చంకల కింద చేతులు వేసి లేపింది. "తలుపు ఎటువైపు పిన్నీ? తన గది ఎప్పుడైనా చూశారా?"

"వీడియోలో ఒకసారి. మంచం కాళ్ల వైపు తలుపు. మధ్యలో బల్ల ఉంటుంది, జాగ్రత్త."

డాన్మే చదువుతోంది, యున్షియా నడుస్తోంది. ఖాళీ నేల మీద ఆమె తొడకు ఏదో గట్టిగా తగిలింది. బల్ల అని డాన్మేకు అర్థమై పక్కకు తిప్పింది. రెండు అడుగులకు ఊపిరి అందేది కాదు, ఆగి పీల్చుకోవాల్సి వచ్చేది. దగ్గు వస్తే నోట్లో ఇనుము రుచి తేలేది. ఒకసారి గుండె మరిచిపోయి చాలాసేపు గుర్తు తెచ్చుకోలేదు. యున్షియా కళ్లు చీకట్లు కమ్మాయి, పిడికిలితో తన ఎద మీద తనే గుద్దుకుంది. అది మళ్లీ నడిచింది. గాలిలో చెయ్యి చాచి తడిమితే చల్లని గడియ వేళ్లకు తగిలింది. కనిపించని ఆ గడియను బలమంతా పెట్టి లాగింది.

లాగి ముందుకు పడిపోయింది. డాన్మే పట్టుకోబోయేలోపు ఎవరివో మోటు చేతులు, ఆ గదిలో లేని చేతులు, యున్షియాను భుజాల కింద పట్టి పైకెత్తాయి.

"ఎత్తారు," అంది యున్షియా. "ఎవరో ఎత్తారు పిన్నీ."

అయినా వదల్లేదు. అక్కడ ఆసుపత్రిలో సూది దిగేదాకా, ముక్కులోకి చల్లని గాలి వచ్చేదాకా అలాగే గోడకు ఆనుకుని ఇద్దరి కోసం ఊపిరి పీలుస్తూ కూర్చుంది. డాన్మే గ్లాసుతో నీళ్లు పట్టుకుని పక్కనే కూర్చుంది. అమ్మకుండానే ఆ కోట్లన్నీ అమ్ముడైపోయాయి. తర్వాత ఆ సంగతి ఎవరైనా ఎత్తితే డాన్మే విసుక్కునేది.

నీళ్లు తాగినా మచ్చ రాలేదు.

గావ్‌షెంగ్ వచ్చి ఆమె మణికట్టు చూశాడు, నున్నగా ఉంది. మోచేతి కింద కుక్క పళ్ల గుంటలు చూశాడు. భార్యను వీపు మీద ఎక్కించుకున్నాడు. లిఫ్టులో "ఇంత తేలికైపోయావేమిటే" అని ఏడ్చాడు.

ఆ శీతాకాలమంతా ఆ ఇంట్లో భయమే కాపురం చేసింది. ఆ జ్వరం, ఆ దగ్గు, అడుగు మరిచే ఆ గుండె అన్నీ యున్షియావే అయ్యాయి. గావ్‌షెంగ్ బండి ఎక్కే ముందు ఆమె ఎద మీద చెవి పెట్టి విని వెళ్లేవాడు. నెమ్మదిగా దగ్గు తగ్గింది. ఆమె మళ్లీ ఆరో అంతస్తుకు వెళ్లింది గానీ, ఎవరి కొలతలు చదివినా ఒళ్లు మారడం మానేసింది. గౌన్లు మళ్లీ తిరిగి రాసాగాయి. డాన్మే వాటిని విప్పుకుంటూ, తిట్టుకుంటూ, యున్షియా ముందు వేడినీళ్ల ఫ్లాస్కు నిండుగా ఉందో లేదో మాత్రం మరిచిపోకుండా చూసేది.

చలి ఇంకా పూర్తిగా పోకముందే ఒకరోజు కొండ ఊరి మనిషి ఒకావిడ గది తలుపు దగ్గర నిలబడింది. చేతిలో సంచి ఉంది. వెనక ఎమ్ సైజు కోటులో ఒక అమ్మాయి. కోటు ఆమెకు కొలిచి కుట్టినట్టుంది.

"డాక్టర్లకు అంతుపట్టలేదు," అంది తల్లి. "ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. కండ పట్టింది. అడిగి మరీ రెండోసారి వడ్డించుకుంటోంది."

జియానింగ్ తలొంచుకుని కోటు చెయ్యి పైకి జరిపింది. ఎడమ మణికట్టు మీద నెలవంక మచ్చ ఉంది. యున్షియా ఆ మచ్చను చాలాసేపు చూసింది. పోయిన తన ఒళ్లు ఎదురుగా నిలబడి ఉంది, ఆరోగ్యంగా, పాతికేళ్ల ముఖంతో. అది తనకు తిరిగి రాదని అప్పుడు పూర్తిగా తెలిసింది. దుఃఖం వచ్చింది. ఆ పిల్ల నిబ్బరంగా ఊపిరి పీలుస్తుంటే, ఆ దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తల్లి ముందుకొచ్చి యున్షియా ముంజేతి మీద వేళ్లు పెట్టింది. నాలుగు గుంటలనూ ఒక్కొక్కటే తడిమింది. తర్వాత సంచిలోంచి కొత్త కోటు తీసింది, ఎస్ సైజు. ఎత్తూ బరువూ అడగలేదు. చిన్నపిల్లకు తొడిగినట్టు యున్షియాకు తొడిగి, జిప్పు గడ్డం దాకా లాగి, మెడ దగ్గర సర్దింది. కోటు ఎక్కడా వదులు లేదు, ఎక్కడా బిగుతు లేదు.

"తిన్నావా?" అని అడిగింది.

తిన్నానండి అనబోయింది యున్షియా. ఆవిడ చెయ్యి ఇంకా జిప్పు మీదే ఉంది.

"లేదు," అంది.