పరిశీలన వారం

కాశీనాథ్ మీద జయశీలకు పగ ఉందన్న సంగతి ఆమె భర్త బర్నబాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కాశీనాథ్‌కు అసలే తెలియదు. అతను ఆమెను చెల్లె అని పిలుస్తాడు, ఆమె అతన్ని కాశన్నా అంటుంది. పోయిన క్రిస్మస్‌కు ఆమె కేకు పంపితే ఇంటిల్లిపాదీ తిని, బాగుందని మెసేజ్ కూడా పెట్టాడు. కేకు నిజంగానే బాగుంది. పగ ఉన్నంత మాత్రాన మనిషి వంట పాడుచేసుకోదు కదా.

ఇద్దరినీ కలిపింది 'మన గాలి' అనే వెబ్‌సైటు. పటాన్‌చెరు, బొల్లారం, అమీన్‌పూర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి ఘాటు వాసన కొట్టినప్పుడల్లా జనం అందులో రాస్తారు, ఏ గల్లీలో, ఏ వేళకు, ఎలాంటి వాసన అని. రాసిన ప్రతిదీ మ్యాపు మీద ఎర్రచుక్కగా పడుతుంది. అది నిజమో కాదో ఆ గల్లీవాళ్లను అడిగి తేల్చి, బూతులు తుడిచి, కంపెనీల వాళ్లు దొంగపేర్లతో వచ్చి మా వైపు మల్లెపూల వాసన వస్తోందని రాస్తే తీసేసే మనుషులు కొందరున్నారు. వాళ్లే మోడరేటర్లు. జీతం లేని కొలువు, టీ ఖర్చు కూడా చేతిదే. అయినా ఆ కొలువు దొరకడం కంటే సర్కారు నౌకరీ దొరకడం తేలిక.

ఎందుకంటే పరిశీలన వారం అని ఒకటుంది. మోడరేటరుగా నిలబడ్డ మనిషి పేరు మీద ఒక పేజీ తెరుస్తారు. వారం పాటు ఎవరైనా ఏమైనా అడగొచ్చు. అన్నిటికీ అందరి ముందూ జవాబు చెప్పుకోవాలి. జవాబు రాకపోతే ఏదో దాస్తున్నారనే లెక్క. వారం చివర ఓట్లు. పెళ్లిచూపులకు కూర్చున్న పిల్ల కూడా ఇంత పరేషాన్ కాదు. అక్కడ అడిగేది ఒక్క కుటుంబం, ఇక్కడ ఊరూ వాడా.

ఈ నియమాలన్నీ కాశీనాథ్ పెట్టినవే. సంగారెడ్డిలో అతనికి విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పొద్దస్తమానం ఫోన్ చూసుకునే తీరిక దేవుడిచ్చాడు. కంపెనీల మనుషులు దొంగచాటుగా లోపలికి దూరకూడదని అతని పట్టుదల, ఆ పట్టుదలను తప్పు పట్టలేం. నిలబడ్డవాళ్లు మధ్యలో తప్పుకున్నా ఆ పేజీ అలాగే ఉండాలన్నాడు. అడిగిన ప్రశ్నను నిలబడ్డ మనిషి కాకుండా వేరే మోడరేటరు తీసేయొచ్చు కానీ, ఎవరు తీయమన్నారో, ఎందుకు తీశారో అక్కడే రాయాలన్నాడు. అందరూ సరేనన్నారు.

మూడేళ్ల కింద జయశీల నిలబడింది. అప్పుడామె బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు. ఆ కంపెనీలో ఎవరైనా సరే ఫోన్‌ను గేటు దగ్గర సెక్యూరిటీకి అప్పజెప్పి లోపలికి పోవాలి, మళ్లీ షిఫ్టు దిగాకే చేతికొస్తుంది. ఆ రోజు ఆమె అలా ఫోన్ ఇచ్చి లోపలికి పోయిన కాసేపటికే కాశీనాథ్ ప్రశ్న పెట్టాడు. మీరు ఏ కంపెనీలో, ఏ సెక్షన్‌లో పనిచేస్తున్నారు? సాయంత్రం ఆమె కంపెనీ బస్సెక్కి ఫోన్ తెరిచేసరికి దాని కింద జాతర జరిగిపోయింది. పొద్దున్నుంచి సప్పుడు లేదంటే ఏమనుకోవాలి అని ఒకరు. మేనేజరును అడిగి చెప్తుందేమో అని ఇంకొకరు. కంపెనీ గూఢచారి అని మూడోవాడు తీర్పే ఇచ్చేశాడు. బస్సు దిగేదాకా ఆమె అవన్నీ మళ్లీ మళ్లీ చదివింది.

కంపెనీ పేరు చెబితే ఉద్యోగం పోతుంది. తమ మీదే చుక్కలు పెట్టే సైటుకు తమ మనిషే కాపలా కాస్తోందంటే ఏ కంపెనీ ఊరుకుంటుంది? అదే కాశీనాథ్‌కు విడిగా రాసింది. మీకొక్కరికీ చెప్తాను, ఆ ప్రశ్న తీసేయండి, మీ కాళ్లు పట్టుకుంటాను అని రాసింది. అప్పుడు అతని దగ్గర నుంచి వచ్చిన జవాబు ఆమెకు ఈరోజుకీ కంఠతా వచ్చు.

"నలుగుర్ల చెప్పలేనిది నాకు చెవుల చెప్పకు చెల్లె."

ఆ వారం ఆమె తిన్నది ఒంటబట్టలేదు. అన్నం ముందు కూర్చున్నా ఫోనే, చర్చిలో పాట పాడుతున్నా ఫోనే. చివరికి ఎవరో పుణ్యాత్ముడు చర్చి వార్షికోత్సవం ఫొటో ఒకటి ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. షిఫ్టు నుంచి నేరుగా చర్చికి వచ్చిన జయశీల మెడలో ఐడీ కార్డు, దాని మీద కంపెనీ గుర్తు. ఫొటోను పేజీలో పెట్టాడు. కాశీనాథ్ దాని కింద భేష్ అన్నట్టు బొటనవేలు గుర్తు కొట్టాడు. తర్వాతి వారం కంపెనీవాళ్లు ఆమెను పిలిచి, రాజీనామా రాసిస్తే గౌరవంగా పంపిస్తామన్నారు. రాసిచ్చింది. ఓట్లలో కూడా ఓడిపోయింది. అలా రెండూ పోయాయి.

పటేల్‌గూడలో ఇంటి దగ్గరే కామరాజు అనే ఆయన నడిపే రక్తపరీక్షల ల్యాబులో చేరింది. జీతం చెప్పుకుంటే సిగ్గు. ఇక దాచడానికేమీ లేదు కనుక మరుసటేడు మళ్లీ నిలబడింది, ఈసారి గెలిచింది. మొదటి ఓటు కాశీనాథ్‌దే. దాపరికం లేని మనిషి అని పక్కన రాశాడు కూడా. ఆ మాటను ఆమె రెండుసార్లు చదివింది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది.

అప్పటి నుంచి ఆమె చేసిన పని చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. కాశన్న ఏదంటే ఆమెకు అదే వేదం. చర్చిలో క్షమాపణ గురించి పాస్టరుగారు ప్రసంగం చేసినప్పుడల్లా బర్నబా ఆమెను మోచేత్తో పొడిచేవాడు. ఇంటికొచ్చాక ఇగ ఇడిసిపెట్టరాదే జయా అనేవాడు. ఆమె సరేననేది. క్షమించడం మంచిదే, ఆమెకూ తెలుసు. ముందు లెక్క సరిచేసి తర్వాత తీరిగ్గా క్షమిద్దామని ఆమె ఉద్దేశం.

దారి దానంతట అదే తెరుచుకుంది. ఒక పొద్దున ఓ కుర్రాడు ల్యాబుకొచ్చాడు. బొల్లారంలో ఒక కంపెనీలో చేరబోతున్నాడు, చేరే ముందు వాళ్లు చేయించే పరీక్షలకు వచ్చాడు. చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే అతని ఒళ్లో ఫోన్ మోగింది. తెర మీద డాడీ అన్న పేరు, దాని వెనక కాశీనాథ్ మొహం. సైటులో అతను పెట్టుకున్న ఫొటోయే. కుర్రాడి పేరు సుమిత్. జయశీల నొప్పి తెలియకుండా రక్తం తీసి, ఆల్ ది బెస్ట్ బాబూ అని పంపించింది.

ఆ కుర్రాడు కొలువులో కుదురుకునేదాకా కొన్ని నెలలు ఆగింది. తర్వాత ఆమె చేసినవి రెండే పనులు. మోడరేటర్లు కూడా మూడేళ్లకోసారి మళ్లీ పరిశీలన వారానికి నిలబడాలని ఒక ప్రతిపాదన పెట్టింది. కాశీనాథ్ ఉబ్బిపోయాడు. ఇంత మంచి ఆలోచన నాకెందుకు రాలేదు చెల్లె అని మెచ్చుకుని, మొదట నన్నే నిలబెట్టండని ముందుకొచ్చాడు. ఇక రెండోది, పూజతో ఒక మాట అనడం. పూజ సంగారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. పరిశీలన వారం వస్తే ఆ పిల్లకు పండగే, అడగడంలో కాశన్న శిష్యురాలు. అందర్నీ కంపెనీ పేరు అడుగుతాం కానీ ఇంట్లోవాళ్ల సంగతి ఎవరం అడగమేం అని జయశీల ఏదో మాటల్లో అన్నట్టు అంది. ల్యాబులో తెలిసిన విషయం బయట చెప్పడం తప్పు. ఆమె చెప్పలేదు మరి.

కాశీనాథ్ పేజీ తెరిచిన మర్నాడే పూజ ప్రశ్న పడింది. కాశన్నా, మీ ఇంట్లోవాళ్లెవరైనా ఈ ప్రాంతంలో ఏ కంపెనీలోనైనా పనిచేస్తున్నారా?

మధ్యాహ్నం దాకా జవాబు లేదు. జయశీల అన్నం తింటూ ఆ పేజీ చూసింది. చాలా రోజుల తర్వాత ఆకలి బాగా వేసింది. పాపం అతనికి ఫోన్ గేటు దగ్గర ఇచ్చానని చెప్పుకునే వీలు కూడా లేదు, నిమిషానికోసారి సైటులో కనపడే మనిషి. సాయంత్రానికి కింద మాటలు మొదలయ్యాయి. కాశన్న ఎందుకు మాట్లాడట్లేదు? దుకాణంలో బిజీయా? అప్పుడతని ఫోన్ వచ్చింది. ఒక ముఖ్యమైన మాట ఉంది చెల్లె అన్నాడు. డ్యూటీలో ఉన్నానని, రేపు పొద్దున ల్యాబుకు రమ్మని చెప్పి పెట్టేసింది.

పొద్దున్నే వచ్చాడు. ల్యాబులో ముచ్చట్లు పెడితే కామరాజు ఒప్పుకోడు కనుక అతనూ షుగర్ పరీక్షకు టోకెన్ తీసుకుని, పరగడుపున వచ్చినవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. జయశీల తొందరపడలేదు. అతని తర్వాత వచ్చిన ముసలావిడను ముందు పిలిచింది. పిల్లాడితో వచ్చిన తల్లిని పిలిచింది. అతను చూస్తున్నాడని తెలిసి దూదిని నెమ్మదిగా తుంచింది. ఆ కాసేపూ ఆమెకు ఎంత బాగుందో చెప్పలేం. చివరికి అతన్ని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి కుడిచేతికి పట్టీ బిగించింది.

"చెల్లె, గా ప్రశ్న జెర తీసెయ్యి" అన్నాడు గొంతు తగ్గించి.

"తీసేస్త. కాశన్న తియ్యమన్నడని కింద రాయాలె గద. రూలు నువ్వే పెడితివి."

రాయకుండా తీసేస్తే ఎవరికి తెలుస్తుందన్నాడు. ఆమె సూది గుచ్చింది.

"నలుగుర్ల చెప్పలేని పని నేను చెయ్య అన్నా."

ఆ మాట ఎవరిదో అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఉన్న నెత్తురు ఆమె చేతిలోని ట్యూబులోకి ఎక్కుతోంది. అప్పుడు మెల్లగా అసలు సంగతి చెప్పాడు. సుమిత్ చేరింది కంపెనీ వ్యర్థ జలాల విభాగంలో. కొన్ని నెలలుగా రాత్రిపూట ట్యాంకర్లు నాలాలో ఏం పారబోస్తున్నాయో సైటులో మారుపేరుతో రాస్తున్నది వాడే. ఇంట్లో ఎవరో కంపెనీలో ఉన్నారని తెలిస్తే చాలు, జనం రెండ్రోజుల్లో ఏ కంపెనీయో తవ్వుతారు, ఆ కంపెనీవాళ్లు రాసిందెవరో పట్టుకుంటారు. ఉద్యోగంతో పోదు చెల్లె, వాణ్ని బతకనియ్యరు అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

జయశీల చేయి ఆగిపోయింది. ఆ ట్యాంకర్ల సంగతులన్నీ ఆమే స్వయంగా అడిగి తేల్చుకున్నది. ఒక్కటీ అబద్ధం కాలేదు. వాటి వల్లే అధికారులు మొదటిసారి నాలా దగ్గరికొచ్చి నీళ్లు పట్టుకుపోయారు. ఆ రాసే మనిషి ఎవరోగానీ చల్లగా ఉండాలని ఆమె ప్రార్థనలో కూడా అనుకుంది. తాను నొప్పి తెలియకుండా రక్తం తీసిన పిల్లాడే అన్నమాట. మనసు ఒక్కసారిగా మెత్తబడింది. ఇక్కడ మంచి మనిషైతే సూది తీసి, పో అన్నా, ప్రశ్న తీసేస్తాను, నేను చూసుకుంటాను అంటుంది. ఆమెకు ఆ ఆలోచన రాకపోలేదు. కొడుకును ముట్టుకోకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది. తండ్రిని వదలకూడదని కూడా అంతే గట్టిగా అనుకుంది.

"అయితే ఎవరూ లేరని రాయి" అంది.

"అబద్ధం రాయాల్నా?"

"రాయమని నేనంటలేను. నిజం రాస్తే పిలగాడు పోతడు. నన్ను తియ్యమంటే నీ పేరు రాసి తీస్త. ఇగ మిగిలింది గదొక్కటే."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అప్పట్లో నీ విషయంలో తప్పు చేశానని, దుకాణంలో కూర్చున్నవాడికి గేటు లోపలి బాధ తెలియలేదని అన్నాడు. ఆమె సూది తీసి దూది అద్ది, చేయి మడిచి పట్టుకోమంది. తప్పు ఒప్పుకోవాలని మూడేళ్లు కోరుకుంది, తీరా ఒప్పుకుంటే ఆ మాట ఆమెకు చప్పగా తగిలింది. కొడుకు కోసం ఒప్పుకున్నది తన కోసం ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది?

కుడిచేయి మడిచి ఉంది కనుక ఎడమచేతి బొటనవేలితో టైపు చేశాడు. ఒక్కో అక్షరం వెతుక్కున్నాడు. మా ఇంట్లో ఎవరూ ఏ కంపెనీలోనూ పనిచేయడం లేదు. రాసి ఆమెకు చూపించాడు. ఆమె తలూపింది. కళ్లు మూసుకుని నొక్కాడు.

ఫోన్ టింగుమంటూనే ఉంది. ఇదీ కాశన్న అంటే అన్నారు. అనుమానించినందుకు క్షమించండి అన్నారు. నాకు నిజాయితీ నేర్పిన మనిషి అని పూజ రాసింది. జయశీల కూడా తన ఫోన్ తీసి అక్కడే, అతని పక్కనే నిలబడి తన మాట జతచేసింది. కాశన్న నోట అబద్ధం రాదు, నా ఓటు ఆయనకే. అది అతని తెర మీద పడింది. చదివి తల దించుకున్నాడు. ఇన్నేళ్లుగా జనం చేత నిజం కక్కించిన పెద్దమనిషి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, దూది నొక్కుకుంటూ, పొగడ్తలు చదవలేక కూర్చున్నాడు. జయశీలకు హాయిగా ఉంది. జాలి వేస్తుందేమోనని కాసేపు చూసింది కూడా, వేయలేదు.

బయట బెంచీ మీదివాళ్లు సణుగుతున్నారు. అతను లేచాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"ఎవలకు చెప్పవు గద చెల్లె?"

ఆమె ట్యూబు మీద అతని పేరు రాసి స్టాండులో పెట్టింది.

"నా అంతట నేను చెప్ప. ఎవలన్న అడిగితే మాత్రం చెప్త."

 అడగడం జనానికి నేర్పింది తనే. రేపో, మరో మూడేళ్లకో పూజలాంటి పిల్ల ఎవరో ఒకతె అడుగుతుంది. ఆ సంగతి అతని మొహం మీదే కనిపించింది. మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకున్నాడు.

నిజానికి ఎవరడిగినా జయశీల చెప్పదు. ఆ కుర్రాడి పేరు ఆమె నోట చచ్చినా రాదు. ఆ ఒక్క మాట కాశీనాథ్‌తో అంటే అతను రాత్రిళ్లు నిద్రపోతాడు, అందుకే అనలేదు. తర్వాతి టోకెనును పిలిచింది.