కొరీన్ కొట్టేసిన తీర్పు

అర్కాన్సా రాష్ట్రంలో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అల్థియా గ్రిసమ్ చాలా ఏళ్ళుగా ఫెడరల్ కోర్టు జడ్జి. బ్యాంకు దోపిడీ అయినా, మత్తుమందుల రవాణా అయినా మొదటి విచారణ జరిగేది ఆమె ముందే. లాయర్లను సాగదీయనివ్వదని, దోషో కాదో తేల్చడానికి వచ్చిన జ్యూరీ జనాన్ని ఊరికే కూర్చోబెట్టదని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

కొరీన్ మేబ్రీ ఆమె స్నేహితురాలు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ప్రభుత్వ లాయర్లుగా ఒకే గదిలో పనిచేశారు. ముందు అల్థియా జడ్జి అయింది. కొన్నేళ్ళకు కొరీన్ అదే కోర్టుకు జడ్జిగా వస్తే, ప్రమాణం చేయించింది అల్థియాయే. లాయరు బొంకుతున్నప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో, శిక్ష వేసేటప్పుడు ముద్దాయి కళ్ళలోకి ఎందుకు చూడాలో దగ్గరుండి నేర్పింది. అప్పట్లో ఆమెకు కొరీన్ మీద అసూయ లేదు. మన వెనక నడిచేవాళ్ళను చూసి ఎవరు కుళ్ళుకుంటారు?

ఆ తర్వాత అప్పీళ్ళు వినే పై కోర్టులో ఒక చోటు ఖాళీ అయింది. జడ్జీలను నియమించే వాషింగ్టన్ నుంచి ఇద్దరికీ పిలుపొచ్చింది. ఇద్దరూ వెళ్ళి మాట్లాడి వచ్చారు. చోటు కొరీన్‌కు దక్కింది.

అల్థియా విందు చేసింది, వేయించిన క్యాట్‌ఫిష్ చేపలు దగ్గరుండి వడ్డించింది, కొరీన్‌ను పొగుడుతూ నాలుగు ముక్కలు మాట్లాడింది. అతిథులు వెళ్ళాక వంటగదిలో గిన్నెలు దబదబా పడేస్తుంటే, ఆమె భర్త లైల్ గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"గిన్నెల మీద ఎందుకు, ఆ కోపం?"

"దానికంటే నేను దేనిలో తక్కువ, లైల్?"

"దేనిలోనూ కాదు. అందుకే నీకిది ఇంత కష్టంగా ఉంది."

అక్కణ్ణుంచి ఆమెకు మనశ్శాంతి లేదు. కొరీన్ రాసిన ప్రతి తీర్పూ తెప్పించుకుని, ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని చదివేది. దొరికేది కాదు. దాంతో కడుపు మరింత మండేది.

అంతలో రాయిస్ టిలరీ కేసు వచ్చింది. తుపాకీ చూపించి ఒక చిన్న బ్యాంకును దోచుకున్నాడని అతని మీద నేరం. దోపిడీ జరిగిన మధ్యాహ్నం తమ్ముడు తన ఇంటి కప్పు బాగుచేస్తూ తన దగ్గరే ఉన్నాడని చెప్పడానికి అతని అక్క డార్లీన్ కోర్టుకు బయలుదేరింది కానీ, వాన నీళ్ళకు దారి మునిగి ఆగిపోయింది. భోజనాల వేళ దాకా ఆగమని అతని లాయరు బతిమాలాడు. జ్యూరీ కాచుకుని ఉంది, కుదరదు అంది అల్థియా. జ్యూరీ దోషి అంది, రాయిస్‌కు పదేళ్ళ జైలు పడింది.

అప్పీలు పై కోర్టుకు వెళ్ళింది. విన్న ముగ్గురు జడ్జీలలో కొరీన్ ఒకతె. ఆ శిక్ష కొట్టేస్తూ తీర్పు రాసింది కూడా ఆమే. ఒక పూట ఆగితే కోర్టుకు పోయేదేమీ లేదనీ, ఆగనందువల్ల ఒక మనిషి స్వేచ్ఛే పోయిందనీ అందులో రాసింది. మళ్ళీ విచారించమని కేసు వెనక్కి పంపింది.

ఆ రోజు అల్థియా తలుపు మూసుకుని కూర్చుంది. ముందు సిగ్గేసింది. వెనకే మంట. పాఠం చెప్పించుకున్నది తనకే పాఠం చెబుతుందా? కేసు వేరే జడ్జికి అప్పగిద్దామా అని కోర్టు గుమాస్తా ఓపల్ మెల్లగా అడిగితే, నా కేసు నేనే వింటాను అని కసిరింది.

రెండో విచారణలో డార్లీన్ బోనెక్కింది. వంటవాళ్ళు తొడుక్కునే తెల్ల చొక్కాతోనే, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. ఆ రోజు ఏ రోజో ఎలా గుర్తుందని లాయరు అడిగాడు.

"రేడియోలో చెప్పారండి, మా ఊరి మీదికి సుడిగాలి వస్తోందని. అది విని తమ్ముడు కప్పు మీంచి దూకినంత పని చేశాడు. ఇద్దరం కిటికీల్లేని స్నానాలగదిలోకి దూరాం."

ప్రభుత్వ లాయరు లేచాడు. రేడియోలో ఎవరో చెప్పిన మాట సాక్ష్యం కాదు, దాన్ని కొట్టేయమన్నాడు. ఆ హెచ్చరిక వచ్చింది దోపిడీ రోజే; ఆ మాట పోతే తేదీ పోతుంది. తేదీ పోతే డార్లీన్ చెప్పినదంతా గాలికి పోతుంది.

అల్థియాకు చట్టం తెలుసు. సుడిగాలి నిజంగా వచ్చిందా లేదా అన్నది కాదిక్కడ, ఆ రోజును ఆ మనిషి ఎలా గుర్తుపెట్టుకుందన్నదే. అభ్యంతరం చెల్లదు. అయినా 'కొట్టేస్తున్నాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రాయిస్‌కు మళ్ళీ శిక్ష పడితే కొరీన్ రాసిందంతా వృథా అయినట్టే. ఊరంతా అనుకుంటుంది, అల్థియా మొదటే సరిగ్గా చెప్పిందని. ఆ తీపి ఆమె నోట్లోకి వచ్చేసింది.

అప్పుడు రాయిస్ వంక చూసింది. అతను జడ్జిని చూడటం లేదు. బోను అంచు పట్టుకున్న అక్క చేతులనే చూస్తున్నాడు.

కాసేపు విరామం ప్రకటించి లోపలికి వెళ్ళింది. ఓపల్ మంచినీళ్ళు తెచ్చి, ఒంట్లో బాగాలేదా అమ్మా అంది. అల్థియా గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ బోను ముందు కూర్చుని ఒక మనిషికి శిక్ష పడాలని తాను కోరుకుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది. ఎవరి మీద కక్షతో, ఎవరి బతుకు?

తిరిగి వచ్చి, అభ్యంతరం చెల్లదు, సాక్షి చెప్పవచ్చు అంది.

జ్యూరీ సాయంత్రానికల్లా రాయిస్ నిర్దోషి అంది. అతను బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. ఏడాది పైగా జైల్లో ఉన్నాడు. అల్థియా అతనితో అంది, "మిస్టర్ టిలరీ, మొదటిసారి మీ అక్క కోసం నేను ఆగాల్సింది." జడ్జి అలా అనడం ఆ కోర్టులో అంతకుముందు ఎవరూ వినలేదు. లాయర్లు మొహమొహాలు చూసుకున్నారు.

ఆ వారం చివర కొరీన్ పీచ్ పండ్ల బుట్టతో వాకిట్లో దిగింది. వసారాలో కూర్చున్నారు. చాలాసేపు పిల్లల సంగతులు, మోకాళ్ళ నొప్పులు అయ్యాక కొరీన్ అంది.

"నేను చెప్పకూడదు, కానీ చెబుతున్నా. కేసు వేరే జడ్జికి ఇవ్వాలని మిగతా ఇద్దరు జడ్జీలూ అన్నారు. నీ దగ్గరికే పంపాలని నేనే పట్టుబట్టా."

"ఎందుకు? నా మొహం ఎలా మాడుతుందో చూద్దామనా?"

"కాదే. నీకు నా మీద ఎంత మంటో నాకు తెలీదా? ఆ విందులో నువ్వు నా ప్లేటు పెట్టిన తీరు చూశాగా. అయినా బోను ముందు కూర్చుంటే నువ్వు తప్పు చేయవని తెలుసు."

అల్థియా బుట్టలోంచి ఒక పండు తీసి తిప్పి చూసింది. తన నాలుక చివరిదాకా వచ్చిన మాట ఏమిటో ఈమెకు తెలియదు. చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"నువ్వు రాసిన దాంట్లో ఆ పూట గురించిన వాక్యం ఒకటుంది," అంది చివరికి. "అది మాత్రం బాగుంది. చచ్చేంత బాగుంది."

కొరీన్ పకపకా నవ్వింది. అల్థియా నవ్వలేకపోయింది. పై పదవి పోయిందనే కుళ్ళు చాలదన్నట్టు, ఇప్పుడు ఇంత పెద్దమనసు కూడా దీనికే ఉండాలా అనిపించింది.

తర్వాతి ఏడు పై కోర్టులో ఇంకో చోటు ఖాళీ అయితే, అల్థియా పేరు చెబుతానంది కొరీన్. నువ్విప్పించే చోటు నాకొద్దంది అల్థియా. ఆ చోటుకు నలభై దాటని కుర్ర లాయరు వెళ్ళాడు. అతని ఫొటో పేపర్లో చూసి రెండు రోజులు రుసరుసలాడి, మూడో రోజు కొత్త జ్యూరీని ఎంచుకోవడానికి కోర్టుకు వెళ్ళింది.