నిదానం చేతిలో గంట

యుద్ధంలో తూటాకి దొరకని మనిషి ఇంటికొచ్చి ఒక పంటికి దొరికిపోయాడు. ఏనుగు వెళ్ళి తోక చిక్కిందంటే ఇదే మరి!

ఆయనకి వీధి పెట్టిన పేరు నిదానం. సైన్యంలో పాతికేళ్ళు మందుపాతరలు వెతికి తీసే పని చేశాడు. ఆ పనిలో తొందరపడ్డవాడు రెండోసారి తొందరపడడానికి మిగలడు. అందుకని ఇంటికొచ్చాక కూడా ఆయన నోట అదే మాట. పాలు పొంగుతున్నా నిదానం, బస్సు కదిలిపోతున్నా నిదానం. పింఛను వస్తున్నా ఖాళీగా కూర్చోలేక ఇళ్ళల్లో టైల్స్ వేసే పని పట్టాడు. వేసిన ప్రతి పలకనూ చూపుడువేలితో తట్టి, చెవి ఆనించి వింటాడు. కింద డొల్లగా పలికిందా, ఊడదీసి మళ్ళీ వేస్తాడు. ఇంటివాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినడు.

అలాంటి మనిషికి ఈమధ్య రెండు వరసలు వేసేసరికి ఆయాసం ముంచుకొస్తోంది. మాజీ సైనికుల ఆసుపత్రిలో చూపిస్తే గుండె కవాటం ఒకటి పాడైందన్నారు. మార్చాలి. మార్చకపోతే ఏడాది కూడా గట్టిగా చెప్పలేనని గుండె డాక్టరు ఆయన భార్యతో ఉన్నమాట చెప్పేశాడు.

"అయితే రేపే మార్చెయ్యండి సార్" అంది ఆవిడ, అదేదో జాకెట్టుకి చెయ్యి మార్చినట్టు. ఆవిడ దర్జీ. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని కూడా కొలతలు చెప్పగలదు, మొగుణ్ణి తిట్టగలదు.

"ముందు ఈయన పుచ్చుపన్ను సంగతి తేలాలమ్మా. దవడలో చీము ఉంది. ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్త కవాటం మీద చేరాయంటే మొదటికే మోసం. ఈయన వాడే మందులకి పన్ను పీకితే రక్తం ఓ పట్టాన ఆగదు. లోపల శుభ్రం చేయించి మూయించండి, వెంటనే నా పని నేను మొదలుపెడతాను."

అదీ సంగతి. గుండె ఆపరేషన్ వెళ్ళి వెళ్ళి పంటి దగ్గర ఆగింది.

పళ్ళ గదికి మొదటిసారి ఒక్కడే వెళ్ళాడు నిదానం. భార్య వస్తానంటే, "పంటికి కూడా పహరా ఎందుకే" అన్నాడు. కుర్చీ వెనక్కి వాల్చారు. నోట్లో దూది, గొట్టం, రబ్బరు గుడ్డ, డాక్టరమ్మ వేళ్ళు. సూది మందుకి చలించలేదు. పంటి వేరు ఎంత లోతుందో కొలవడానికి ఆమె ఒక చిన్న మిషన్ పెట్టింది. సన్నటి తీగ లోపలికి దిగేకొద్దీ అది కూయడం మొదలెట్టింది. ముందు ఆగి ఆగి, తర్వాత దగ్గర దగ్గరగా. అంతే! నిదానం ట్రే ఒక పక్కకీ స్టూలు ఒక పక్కకీ నెట్టేసి కాలికి బుద్ధి చెప్పాడు. పాతికేళ్ళలో ఎప్పుడూ పరుగెత్తని మనిషి బస్టాపు దాకా పరుగెత్తాడు. మెడకి కట్టిన పచ్చగుడ్డ విప్పుకోవడం కూడా మరచి, అలాగే బస్సెక్కి ఇంటికొచ్చాడు.

"అయిపోయిందా?" అంది భార్య, గుడ్డ వైపు చూస్తూ.

"ఆఁ, భేషుగ్గా. నొప్పే లేదు."

అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా! ఆ రాత్రి గంజి కూడా ఒక దవడతోనే తాగాడు మహానుభావుడు. ఆవిడ చూసింది. గుడ్డని ఉతికి, ఇస్త్రీ చేసి, పిగిలిన అంచుకి నాలుగు కుట్లు కూడా వేసి సంచిలో పెట్టుకుంది.

తర్వాతి వారం గుండె డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నిదానం మళ్ళీ అదే పాట పాడాడు. "పన్ను బాగైపోయింది సార్. ఇక మీదే ఆలస్యం."

ఆవిడ సంచిలోంచి పచ్చగుడ్డ తీసి బల్ల మీద పరిచింది. "ఈయన పారిపోయి వచ్చారు సార్. యుద్ధంలో చేసుంటే మిలిటరీ కోర్టుకి ఎక్కించేవాళ్ళు. ఇంట్లో కాబట్టి నేను ఉతికి పెట్టాను."

నిదానానికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు డాక్టరు చీవాట్లు పెడతాడు, చీటీ రాసి ఇంకో ఊరు పొమ్మంటాడు, అక్కడ మరో వరస, మరో కిటికీ. ఆయన చూసిన ఆసుపత్రులన్నీ అంతే. కానీ ఆ డాక్టరు చీటీ రాయలేదు. కుర్చీలోంచి లేచాడు.

"పదండి, నేనూ వస్తాను."

"మీరెందుకు సార్?"

"నా పని ఆ గదిలో ఆగిపోయింది. ఎందుకాగిందో నేను చూడొద్దూ?"

ఆ ఆసుపత్రి తీరే అది. గుండె గది, పళ్ళ గది, మనసు డాక్టరమ్మ గది ఒకే వసారాలో పక్కపక్కన ఉంటాయి. ఆ మూడో తలుపు దగ్గరికి వచ్చేసరికి నిదానం ఎప్పుడూ గోడవైపు మొహం తిప్పుకుని నడిచేవాడు, లోపల్నించి చెయ్యి చాచి లాగేస్తారేమో అన్నట్టు. ఇవాళ గుండె డాక్టరు సరిగ్గా ఆ తలుపే తట్టాడు.

"నాకేం పిచ్చా సార్?" నిదానం రెండడుగులు వెనక్కి వేశాడు.

"పిచ్చయితే మీ పంటికి పట్టాలి. ఆవిడ ఊరికే మన పక్కన కూర్చుంటారు, అంతే."

మనసు డాక్టరమ్మకి తల నెరిసింది. తన స్టూలు తనే మోసుకుంటూ వెనకాలే వచ్చింది. పళ్ళ డాక్టరమ్మ చిన్నపిల్ల. పచ్చగుడ్డ అందుకుని తిప్పి చూసి, "కుట్లు కూడా వేశారా! మిగతావి కూడా పంపనా అమ్మా?" అంది. దర్జీ నవ్వింది. నిదానం నవ్వలేదు. ఆయన కళ్ళు ఆ మిషన్ మీదే ఉన్నాయి.

మనసు డాక్టరమ్మ ఆ చూపు పట్టుకుంది. "అదేనా?"

నిదానం తలూపాడు.

"పోనీ చప్పుడు ఆపేస్తాను. తెర మీద అంకె చూసుకుంటాను" అంది పళ్ళ డాక్టరమ్మ.

"వద్దు!" నిదానం గట్టిగా అరిచాడు. తన అరుపుకి తనే బిత్తరపోయాడు. "చప్పుడు ఆగితే... ఆగితే ఇంకా భయం తల్లీ."

ఎవరూ ఎందుకని అడగలేదు. గుండె డాక్టరు కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. బయట ఆయన కోసం జనం ఎదురుచూస్తున్నారు, అయినా వాచీ చూసుకోలేదు. నిదానం నేల వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒకసారి కందకం నా మీద కూలిందండీ. మెడ దాకా కాదు, పూర్తిగా. నోటి నిండా మట్టి. మావాళ్ళు పాతరలు కనిపెట్టే మిషన్ పట్టుకుని వెతుక్కుంటూ వస్తున్నారు. దారంతా పాతరలు కదా, నిదానంగానే రావాలి. ఆ కూత దగ్గరికొస్తోంది, దగ్గరికొస్తోంది... నేనిక్కడున్నానని అరుద్దామంటే నోరు పెగల్దు. నా మీదకి వచ్చింది. 'ఇక్కడెవరూ లేరు, పదండి' అన్నారు. కూత దూరమైపోయింది. తర్వాత ఇక ఏ చప్పుడూ లేదు."

దర్జీ కొంగుతో నోరు మూసుకుంది. గుండుసూదులు ఆపలేని నోరు అది.

"ఎలా బయటపడ్డారు మరి?" మనసు డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"వేలండీ." ఆయన కుడిచేతి చూపుడువేలు పైకెత్తాడు. "ఇదొక్కటి పైకి ఉన్నట్టుంది. ఆడిస్తూనే ఉన్నాను. వెనకాల వచ్చినవాడెవడో చూశాడు."

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను." దర్జీ కళ్ళు తుడుచుకుంది. "ఒక్కసారైనా చెప్పొద్దుటండీ?"

"చెబితే నువ్వు నిద్రపోతావుటే?"

"మీరు నిద్రపోయారా?"

ఆవిడ వచ్చి ఆయన వేలు పట్టుకుంది, అంతమందిలోనూ.

మనసు డాక్టరమ్మ లేచి బయటికి వెళ్ళింది. మరో క్షణంలో రిసెప్షన్ కుర్రాడి గోల వినబడింది. "అమ్మా, నా గంట! జనం నన్నెలా పిలుస్తారు?" "గ్లాసు మీద చెంచాతో కొట్టమను నాయనా!" బల్ల మీద పెట్టే గుండ్రటి గంట, పైన మీట నొక్కితే మోగేది, దాన్ని తెచ్చి నిదానం చేతిలో పెట్టింది.

"మీ నోరు పలకనప్పుడు మీ వేలు పలికింది. ఇప్పుడూ అదే పలుకుతుంది. ఇది మోగిందా, ఈ అమ్మాయి ఆగిపోతుంది. ఎందుకు కొట్టారని అడగదు."

"ఈగ వాలినా కొట్టొచ్చు" అంది పళ్ళ డాక్టరమ్మ.

కుర్చీ పూర్తిగా వాల్చలేదు. తలుపు కనబడేలా తిప్పారు. అది మొదలు నిదానం గంట కొట్టాడండీ, కొట్టాడు! అద్దం నోట్లో పెడితే టింగ్. దూది మారిస్తే టింగ్. ఊరికే కూర్చుంటే కూడా టింగ్. పలక తట్టి చూసే మనిషి కదా, డొల్లేమోనని ప్రతి చోటా తట్టి చూశాడు. మోగిన ప్రతిసారీ ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి ఆగింది. విసుక్కోలేదు, "ఇంకెంత, అయిపోయింది" అని బుజ్జగించనూ లేదు. చివరికి మిషన్ కూత మొదలైంది. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. నిదానం నుదుటి మీద చెమట ధారకట్టింది, వేలు మీట మీద బిగుసుకుంది, కానీ నొక్కలేదు.

"దొరికింది" అంది పళ్ళ డాక్టరమ్మ. "ఇదిగో, వేరు అడుగు. ఇక్కడే ఉంది."

ఆ మాట వినగానే ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పన్ను మానింది. ఆపరేషన్‌కి ముందురోజు మనసు డాక్టరమ్మ మంచం పక్కకి వచ్చి కూర్చుంది. తియ్యటి కబుర్లేం చెప్పలేదు. "రేపు మెలకువ వచ్చేసరికి మీ నోట్లో గొట్టం ఉంటుంది. మాట రాదు. చుట్టూ మిషన్లు కూస్తుంటాయి. ముందే తెలిస్తే మంచిదని చెబుతున్నా" అంది.

నిదానం మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్కటే అడిగాడు. "గంట?"

"మీకన్నా ముందే అక్కడికి వెళ్ళిపోయింది."

ఆవిడ చెప్పినట్టే అయింది. మెలకువ వచ్చేసరికి చీకటో వెలుగో తెలియలేదు. గొంతు నిండా ఏదో అడ్డం. ఊపిరి తనది కాదు. చుట్టూ కూతలు. మట్టే అనుకున్నాడు, మళ్ళీ మట్టే. వాళ్ళు వస్తున్నారు, ఇప్పుడు వెళ్ళిపోతారు. అరవాలి. నోరు లేదు. చూపుడువేలు దానంతటదే కదిలింది. కింద చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. మంచం అంచుకి ప్లాస్టరు వేసి, సరిగ్గా ఆయన వేలి కిందికి వచ్చేలా అంటించారు.

టింగ్.

"వచ్చాను పెద్దాయనా" అంది నర్సు. ఆయన మొహం మీదికి వంగింది. "ఆపరేషన్ బాగా జరిగింది. మీరు మా దగ్గరే ఉన్నారు."

వెళ్ళి రెండడుగులు వేసిందో లేదో, టింగ్. వచ్చింది. దిండు సర్దింది. టింగ్. వచ్చింది. పెదవులు తడిపింది. టింగ్.

"నొప్పిగా ఉందా? చలేస్తోందా?" నర్సుకి అర్థం కాలేదు. ఆయన దేనికీ తలూపలేదు.

గాజు తలుపు బయట దర్జీ నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియదు. "ఏమీ వద్దమ్మా ఆయనకి!" అంది తలుపు ఓరగా తీసి. "పిలిస్తే వస్తారా లేదా అని తట్టి చూస్తున్నారు. ఏమీ అనుకోకు తల్లీ, ఆయన పనే అంత. మీ అందరి కడుపు చల్లగా ఉండాలి."

నర్సు స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చుంది.

"కొట్టండి పెద్దాయనా" అంది. "ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు వస్తాను."

నిదానం వేలు మీట మీదే ఉంది. చుట్టూ మిషన్లు కూస్తూనే ఉన్నాయి, ఒక్కటీ దూరం జరగలేదు. ఆయన నర్సు వైపు, గాజు తలుపు అవతల భార్య వైపు చూశాడు. ఈసారి గంట కొట్టలేదు. కళ్ళు మూసుకుని, నిదానంగా నిద్రపోయాడు.