తోడు ఊపిరి

"ఊపిరి లోపలికి తీసుకోండి... అలాగే ఆపండి."

మైకు బొత్తాం మీద బొటనవేలు నొక్కి ఉంచి, అద్దానికి ఇవతల అతనూ ఊపిరి బిగబట్టాడు. అవతలి గదిలో బల్ల నెమ్మదిగా స్కానింగ్ యంత్రంలోకి జరిగింది. తెర మీద సెకన్ల అంకెలు మారుతూనే ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా అతను వాటిని చూడడు. తన ఛాతీలో బిగువు ఎంతవరకు వచ్చిందో చూసుకుని "వదలండి" అంటాడు. సరిగ్గా ఎనిమిది సెకన్లు. అంతసేపూ బొత్తాం మాత్రం వదలడు. వదిలితే అవతలివాళ్లు ఒంటరివాళ్లయిపోతారని అతని భయం.

ఆసుపత్రిలో అతన్ని ఊపిరి సారు అంటారు. "ఏదడిగినా ఊపిరి బిగబట్టి కూర్చుంటారేమిటండీ, నేనేమైనా ఫొటో తీస్తున్నానా?" అంటుంది భార్య. అతను మాటలతో ఎవరికీ దగ్గర కాలేకపోయాడు. ఆ ఎనిమిది సెకన్లలో మాత్రం, ముక్కూమొహం తెలియని మనిషితో కలిసి ఉంటాడు.

రెండు నెలల కిందట అతనికే వైరల్ నిమోనియా వచ్చి, తన బల్ల మీద తనే పడుకున్నాడు. మొదటి స్కానులో రెండు ఊపిరితిత్తుల అడుగునా ఆవిరి పట్టిన గాజులాంటి మసక. మూడోవారానికి అది విడిపోయి పలచటి చారలయింది. నిన్నటి స్కానులో ఎడమవైపు వెంట్రుకంత గీత తప్ప ఏమీ లేదు.

"ఇంకేం, శుభ్రంగా ఉంది. పని చేసుకోండి," అన్నారు డాక్టరుగారు.

ఎందరిలోనో చూశాడతను. జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది, మనిషి లేచి తిరుగుతాడు. బొమ్మలో మచ్చ మాత్రం వారాల తరబడి మిగిలే ఉంటుంది. తన విషయంలో ఇది తలకిందులైంది. బొమ్మ కోలుకుంది. తను మాత్రం మెట్ల మధ్యలో ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. పొద్దుటినుంచీ ఆరో సెకను దాటేసరికి ఛాతీ పట్టేస్తోంది. పళ్లు బిగించి ఎనిమిదికి చేరుస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కిటికీ దగ్గర రిపోర్టులిచ్చే కుర్చీకి మారుస్తారు.

పదకొండింటికి ఒక ముసలావిడ వచ్చింది. అదే జబ్బు. ఆక్సిజన్ తీసేసి పదిరోజులైంది. కళ్లజోడు తీసి అతని చేతికిచ్చి బల్ల మీద పడుకుంది.

"నేనొక్కదాన్నే ఆపాలా, నువ్వూ ఆపుతావా నాయనా?"

"ఆపుతానమ్మా. మీకు తోడు."

ఏడో సెకనులో అతనికి దగ్గు తన్నుకొచ్చింది. వేలు బొత్తాం మీదే ఉంది. ఆ చప్పుడు అవతలి గదంతా నిండింది. ఆవిడ ఉలిక్కిపడి ఊపిరి వదిలేసింది. బొమ్మలో అడుగుభాగం, డాక్టరు చూడాల్సిన భాగమే, చెదిరిపోయింది.

అతను లోపలికి వెళ్లాడు. "మళ్లీ తియ్యాలమ్మా. తప్పు నాది."

"నాకంటే నువ్వే ముందు వదిలేశావు!" అని నవ్విందావిడ. అంతలోనే అతని మొహం చూసి ఆగింది. "నీకూ ఇదే వచ్చిందా?"

తలూపాడు.

"అయితే ఈసారి నువ్వు ఆపకు. నీ వంతు కూడా నేనే ఆపుతాలే."

రెండోసారి అతను తెర మీద అంకెలు చూశాడు. ఎనిమిది సెకన్లూ ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు. దాటిస్తానని పట్టుకున్న చెయ్యి నడిరోడ్డులో వదిలేసినట్టనిపించింది. బొమ్మ మాత్రం చక్కగా వచ్చింది. ఆవిడ పాత స్కానుతో పోలిస్తే మసక సగానికి పైగా తగ్గింది.

మధ్యాహ్నం డాక్టరుగారి గదికి వెళ్లాడు.

"కుర్చీ మారతానండీ."

"ఎందుకు? మీ ఫిల్మ్ బాగుంది కదా?"

"ఫిల్మ్ బాగుందండీ. నేనే ఇంకా బాగుపడలేదు."

నాలుగింటికి సాయంత్రం డ్యూటీ టెక్నీషియన్ వచ్చాడు. "రేపట్నుంచి కిటికీ దగ్గరటగా! ఇక హాయిగా ఊపిరి పీల్చుకోండి సారూ," అన్నాడు. అతను నవ్వి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి ఒకసారి అద్దం వైపు చూసి, వెళ్లిపోయాడు.

అద్దానికి ఇవతల, అతని కుర్చీ ముందు మైకు ఉంది. దాని ఎర్రబొత్తాం మీద రంగంతా పోయి, సరిగ్గా ఒక బొటనవేలు పట్టేంత గుంట.