ఆగ్నేయపు గోడ

వైశాఖమాసము. సముద్రము కూతవేటు దూరముననే యున్నను చిరుగాలియైనను వీవక కాకినాడ పట్టణమెల్ల ప్రచండభానుకిరణసంతప్తమై పొయ్యిమీది పెనమువలె కాగుచుండెను. పిట్టగోడలపై కాకులు నోళ్లు తెరచుకొని కూర్చుండెను. పెరటి కనకాంబరములు తలలు వ్రేలవైచెను. వానచుక్క నేల రాలి నాలుగు నెలలు దాటెను. ఒంటి చెమట తప్ప మరియొక తడిని ఎరుగని అట్టి దినములయందు జోగారావుగారి రెండంతస్తుల మేడలో వంటగది ఆగ్నేయపు గోడ మాత్రము కారుమేఘమువలె నల్లబడి, చెమ్మగిల్లి, సున్నపు పెచ్చులను పోపులపెట్టెమీద రాల్చుచుండెను.

నడివేసవిలో గోడ యెట్లు తడియునని పసిబిడ్డయైనను అడుగును. జోగారావుగారు అడుగలేదు. ఆ వంటగదికి సరిగా పైన తాయారమ్మ స్నానపుగది యుండెను. ఆయనకు అంతియే చాలెను.

తాయారమ్మ బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పు ఉపాధ్యాయిని. నా అన్నవారెవరును దగ్గర లేక పదునొకండేండ్లుగా ఆ మేడమీది వాటాయందు అద్దెకుండి, మాట పడకుండ, మాట తూలకుండ కాలము గడపుచుండిన స్వాభిమానధన. అట్టి యామెను గూర్చి చైత్రమాసారంభమున తమ యింట సత్యనారాయణవ్రతము జరిగిననాడు, ప్రసాదమునకు వచ్చిన ఇరుగుపొరుగు స్త్రీలందరును వినుచుండగా, జోగారావుగారు గోడవైపు వ్రేలు చూపి యిట్లనిరి.

“ఒక్కర్తే మనిషి. అన్ని నీళ్లు ఏం చేసుకుంటుందో ఏవిటో! ఒళ్లు తెలీకుండా నేలమీద పారబోస్తుంది కాబోలు. వైశాఖం వెళ్లేలోగా వాటా ఖాళీ చేసెయ్యమన్నానండి.”

అరచేతిలో ప్రసాదముతో తాయారమ్మ ఆ గుంపులోనే నిలిచియుండెను. ఒక స్త్రీ స్నానమును గూర్చి నలుగురిలో అట్లు నోరు జారుటకు ఆయనకు సిగ్గు కలుగలేదు. వినినవారిలో ఒక్కరైనను అదేమి మాటయని అడుగలేదు. సిగ్గంతయు ఏ తప్పు నెరుగని ఆమె పాలనే పడెను!

అంతకంటె అన్యాయమేమన, ఆమె తన్ను తానే అనుమానించుకొనెను. నాటినుండి రెండు చెంబుల నీటితో స్నానము ముగించి, మోకాళ్లపై కూర్చుండి పాతచీర గుడ్డతో నేలను ఆరునట్లు తుడిచెడిది. బట్టలను బడిలోని కుళాయికడకు మోసికొనిపోయి పిండుకొని తెచ్చుకొనెడిది. అయినను క్రింద గోడ తడి తగ్గలేదు. ఇంతలో చెల్లెలి సీమంతమునకై తుని పోవలసి వచ్చి, తన వాటాకు నీరువచ్చు గొట్టపు తిరుగుడును తన చేతితో బిగించి, తాళము వేసి, నాలుగు దినములు అచటనే యుండెను. తిరిగివచ్చునప్పటికి గోడమీది నలుపు మూరెడు మేర పెరిగియుండెను. మెట్లయొద్దనే జోగారావుగారు ఎదురై, “కుళాయి వదిలేసి ఊరెళ్లిపోయారేవండీ?” అనిరి.

రెండు నెలలుగా తన స్నానమును తానే దొంగసొత్తువలె దాచుకొనిన తాయారమ్మకు అప్పుడు కోపము వచ్చెను. అది ఊరక చల్లారు కోపము కాదు.

మరునాడు ఆదివారము. ఆమె డాబా యెక్కి నీళ్లతొట్టి మూత తీసి, నీటిమట్టమునకు సరిగా బొగ్గుతో గీత గీసి, మూత పెట్టి, జోగారావుగారి భార్య రత్నమ్మగారిని వేడుకొని, ఇంటనున్న కుళాయిలన్నిటిని కట్టించి, తన వాటా తిరుగుడును మరల బిగించెను. ఉదయము తొమ్మిది గంటలనుండి రెండు గంటలవరకు ఆ యింట చుక్కనీరు ఎవరును వాడలేదు. పిమ్మట మూత తీసి చూడగా నీరు గీతకు నాలుగు వ్రేళ్లు క్రిందికి దిగియుండెను.

“ఎండకి ఆవిరైపోయుంటుంది,” అని జోగారావుగారు తేల్చిరి.

“మూత ఉందండీ,” అని తాయారమ్మ అనెను. “ఇంకొక్క మాట. నా గదిలోంచి నీళ్లు దిగితే ముందు మీ వంటింటి కప్పు తడవాలి కదా? కప్పు చూడండి, మల్లెపువ్వులా ఉంది. చెమ్మ గోడ మధ్యలో పుట్టింది.”

జోగారావుగారు తలయెత్తి కప్పును చూడలేదు. చూచినచో తలదించుకొనవలసి వచ్చునని ఆయనకు లోలోపల తెలిసియుండవచ్చును.

ఆమె ఇత్తడిచెంబును గోడకు బోర్లించి, దాని అడుగున చెవి ఆనించి వినెను. లోపల సన్నని బుస యేకధారగా వినవచ్చుచుండెను. వెంటనే పోయి, ఆ వీధిలో ముప్పదియేండ్లుగా కుళాయిపని చేయుచుండిన నూకరాజును పిలుచుకొనివచ్చెను. అతడును చెంబు ఆనించి విని, చెంబు దించి, “ఆయ్, గొట్టం ఇక్కడే ఉందండి. ఈ గోడలో ఎప్పుడైనా కుళాయుండేదాండి?” అని అడిగెను.

జోగారావుగారు గోడను తాకవలదని వాస్తు చూచిన సిద్ధాంతిగారు చెప్పినారని గొణిగిరి. అంతవరకు గుమ్మములో నిలిచియుండిన రత్నమ్మగారు కొంగు నడుమున దోపుకొని ముందుకు వచ్చిరి.

“ఉండేది. మూడేళ్లయింది తీయించి. ఆగ్నేయంలో నీళ్లు కూడదని ఈశాన్యానికి మార్పించారు. కొట్టు నూకరాజూ! ఈ ముక్కవాసన పీలుస్తూ వండుతున్నదాన్ని నేను.”

ఉలిదెబ్బల చప్పుడునకు ఇరుగుపొరుగువారు, వ్రతమునాడు ప్రసాదము తిన్న ఆ స్త్రీలే, ఒక్కరొక్కరుగా వచ్చి మూగిరి. ఇటుకల రెండవ పొరయందు తుప్పుపట్టిన గొట్టపు కొన బయల్పడెను. దానిని మూసినది ఇనుపమూత కాదు. అగ్నిస్థానమున జలమును ఇనుముతో బంధింపరాదని సిద్ధాంతి సెలవీయగా, ముహూర్తము పెట్టించి, పసుపుగుడ్డ చుట్టి, కుంకుమ బొట్టు పెట్టి, జోగారావుగారు స్వహస్తములతో దిగగొట్టిన మేడికొయ్య బిరడా! అది మూడేండ్లు నాని, ఉబ్బి, కుళ్లి, చుట్టును నీరు చిమ్ముచుండెను. ఆ పసుపురంగు ఇంకను పూర్తిగా వెలియలేదు.

“మరచుట్ల మూత బిగిస్తే మీ మనవలదాకా ఉండేదండి,” అని నూకరాజు నొసలు కొట్టుకొనెను. “నీళ్లగొట్టానికి కర్రముక్కేవిటండి బాబూ!”

అతడు తొట్టికడ నీటిని కట్టివేసి, కుళ్లిన కొయ్యను పెరికి, గొట్టమునకు ఇనుపమూత బిగించి, మరల నీరు వదలెను. బుస ఆగెను. జోగారావుగారు గొంతు సవరించుకొని, వరమిచ్చు దేవతవలె చేయి యెత్తి, “సరే, జరిగిందేదో జరిగింది. ఇంక మీరు ఖాళీ చెయ్యనక్కర్లేదు లెండి,” అనిరి.

జరిగినదేదో జరిగినదట! ఒక నిరపరాధిని రెండు నెలలు మోకాళ్లపై నేల తుడిపించిన నోటికి తప్పయినదను మాట రాలేదు. తాయారమ్మ ఆ కుళ్లిన బిరడాను పసుపుగుడ్డతోనే తీసి ఆయన చేతిలో పెట్టెను.

“జోగారావుగారూ, నేను నీళ్లు నేలమీద పారబోస్తానని వీళ్లందరి ముందే అన్నారు కదా. ఇప్పుడు నిజంగానే పారబోస్తాను. మీరు కప్పు కిందే నిలబడి చూడండి.”

ఆమె మెట్లెక్కిపోయెను. పైన బిందె బోర్లించిన చప్పుడు, జలజలమను పారుదల, మరల బిందె, మరల పారుదల. అట్లు ఆరు బిందెలు. నీటినంతయు తూము గుటగుట త్రాగి వీధికాలువలోనికి పంపుచుండెను. క్రింద స్త్రీలందరును మెడలెత్తి కప్పునే చూచుచుండిరి. జోగారావుగారును చూడవలసి వచ్చెను. చేతిలోని కొయ్యనుండి ఒక్కొక్క చుక్క ఆయన పాదముపై పడుచుండెను.

“తడిసిందాండీ?” అని పైనుండి వినబడెను.

జోగారావుగారు చుట్టును చూచిరి. రత్నమ్మగారు నోటికి కొంగు అడ్డము పెట్టుకొనిరి.

“లేదు,” అని ఆయన నెమ్మదిగా అనిరి.

“వినపడలేదండీ!”

“తడవలేదమ్మా! చుక్కయినా తడవలేదు! తప్పు నాదే!”

ఆ కేక వీధిమలుపువరకు వినబడెను. పైన ఏడవ బిందె చప్పుడు కాలేదు.

గోడలోపలి చిల్లును వెదకి పట్టుటకు ఒక బొగ్గుగీతయు ఒక ఇత్తడిచెంబును చాలెను. దానిని ఆయనచేత ఒప్పించుటకే ఇంత నీరు కావలసి వచ్చెను. ఆ సాయంకాలము సముద్రపుగాలి తిరిగిన వేళ, తాయారమ్మ తలుపు గడియ వేసికొని, చెంబులు లెక్కింపకుండ తలారా స్నానము చేసెను.